పప్పు ఉడకలేదన్నాను

మొన్న ఆదివారం పొద్దున పాలమూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అల్లుడూ తనూ అక్కడ ఒక ఇల్లు చూశారట. బస్టాండుకు కాస్త ఎడంగా, తూర్పు వాకిలి, కింద రెండు గదులు, పైన ఒకటి, వెనక కాస్త జాగా. అంతా బాగానే ఉంది కానీ అమ్మేవాళ్ళు చెప్పిన ధర తమ చేతిలో ఉన్నదానికి కొంచెం పైనే ఉందట. ఎంత తగ్గించి అడగాలో తేల్చుకోలేక మొగుడూ పెళ్ళాలు మూడు రోజులు తర్జనభర్జన పడి, ఈ విషయంలో మనకు ఇంట్లోనే పెద్ద దిక్కు ఉంది కదా అని చివరికి నాకు ఫోన్ కలిపారు. మా బంధువుల్లో నాకు అలాంటి పేరు ఒకటి ఉంది మరి. చిట్యాలలో ఇప్పుడు మేముంటున్న ఈ ఇంటిని చెప్పిన ధర మీద నాలుగు లక్షలు దించి కొన్నదాన్నని నలుగురు కూడిన ప్రతిచోటా మా ఆయన చెబుతాడు, విన్నవాళ్ళు నా వంక మెచ్చుకోలుగా చూస్తారు, నేను వంటింట్లో ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోతాను. అది బిడియమనుకుంటారు.

"అమ్మా, గోడలకు చెమ్మ వస్తాందని అందామా? రెండు మూడు లక్షలన్న దిగుతరు గదా" అంది అమ్మాయి. చెమ్మ ఉందా అని అడిగాను. "లేదు గని, అంటే ఏమైతది?" అని నవ్వింది. పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి, సాయంత్రం చేస్తానని పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ పూటంతా వరండాలో కుర్చీలో అలా కూర్చుండిపోయాను. మా ఆయన చెప్పే కథలో ఒక ముక్క తక్కువ. ఆ ముక్క ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. నా ఈడు వాళ్ళు, సొంత ఇంటి కోసం ఏళ్ళ తరబడి కడుపు కట్టుకున్నవాళ్ళు చదివితే కోప్పడినా అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. మా ఆయన అప్పుడు బస్సులో కండక్టరు, నేను పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. పెళ్ళయిన నాటి నుంచి అన్నీ కిరాయి ఇళ్ళే, అప్పటికి ఐదు మారాం. ఇల్లు మారినప్పుడు జనం గాలి ఎట్లా వస్తుంది, వాకిలి ఏ దిక్కు అని చూసుకుంటారు, మా వైపు వాళ్ళం మాత్రం ముందు నీళ్ళు ఎట్లా ఉన్నాయని అడుగుతాం. మా నల్లగొండ వైపు పుట్టినవాళ్ళకు ఎందుకో చెప్పనక్కర్లేదు. మా బాపు గొర్లు కాసినవాడు, మేపినవాటిని వారానికోసారి కూడే అంగడిలో అమ్మినవాడు. ఏ మెట్ట చెలక దగ్గర దప్పికైతే అక్కడి బోరింగు నీళ్ళు దోసిలి పట్టి తాగిన మనిషి. నలభై ఐదు దాటేసరికి ఆయన మెడ బిగుసుకుపోయింది. పక్కన ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మనిషంతా తిరిగేవాడు. చిన్నప్పుడు నాకు అది పెద్దమనిషి తరహాలా అనిపించేది, మా నాయన ఎవరి వంకా ఊరికే తల తిప్పి చూడడని గర్వంగా కూడా ఉండేది. ఫ్లోరైడ్ అన్న మాట మా ఊళ్ళోకి తర్వాత వచ్చింది. నా పళ్ళ మీద మరకలు, నా బిడ్డ పళ్ళ మీద మరకలు కూడా ఆ నీళ్ళవే. నా బిడ్డ అప్పుడు తొమ్మిదో తరగతి, నవ్వొస్తే చేయి అడ్డం పెట్టుకునేది. పళ్ళ సంగతి ఎట్లాగూ పోయింది, ఎముకలైనా మిగలాలని నా ఆరాటం.

నీళ్ళు మంచివో కావో పరీక్ష చేయించడానికి కాగితాలూ ఆఫీసులూ ఉండేవేమో, మాకు తెలిసిన పరీక్ష పప్పు ఒక్కటే. కొత్తచోటి నీళ్ళలో కందిపప్పు వేసి ఉడికించి చూడటమే. ఉప్పు నీళ్ళయితే గంటసేపు మంట పెట్టినా పలుకు పలుకులాగే ఉంటుంది, వేళ్ళతో నొక్కితే జారిపోతుంది. మంచి నీళ్ళయితే మెత్తగా వెన్నలా విడిపోతుంది. నా అంగన్‌వాడీలో పిల్లలకు పప్పు ఉడక్క, కిలోమీటరు దూరం నుంచి ఆయమ్మ బిందెతో నీళ్ళు మోసుకొచ్చిన రోజులు ఎన్నో. ఆ పప్పుతో నాకున్నంత పరిచయం ఎవరికీ ఉండదు.

ఆ రోజుల్లో రాష్ట్రం వచ్చింది, ఇక భూముల ధరలకు పట్టపగ్గాలుండవని ఎక్కడ చూసినా అదే ముచ్చట. హైవే పక్కన హోటల్లో చాయ్ తాగే నలుగురిలో ఇద్దరు ప్లాట్లు అమ్మేవాళ్ళే. హైదరాబాదు నుంచి కార్లలో దిగి, బండ తప్ప ఏమీ మొలవని చెలకను కూడా గజాల్లెక్కన కొలుచుకుని పోయేవాళ్ళు. ఈ ఏడు కొనకపోతే ఇక జన్మలో కొనలేమన్న భయం మాకు పట్టుకుంది. భయం పట్టిన మనిషి బేరానికి పనికిరాడని మా బాపు అనేవాడు కానీ, ఆ మాట నాకు అప్పుడు గుర్తు రాలేదు.

అలాంటి రోజుల్లో ఈ ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఇంటాయన పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. హైదరాబాదు పెద్ద దవాఖానకు నెలకు రెండుమూడు సార్లు పోవాలి. ఇంటామె తమ్ముడు భువనగిరిలో ఉన్నాడు, అక్కడినుంచి రైల్లో పోయిరావడం సులువని, తమ్ముడి ఇంటి పక్కనే ఒక పోర్షన్ తీసుకుని వెళ్ళిపోదామని వాళ్ళ ఆలోచన. ఇల్లు చూడటానికి పోయిన రోజు ఆమె మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయి మోటారు వేసి, దోసిట్లో నీళ్ళు పట్టి నాకు తాగమంది. "గీ బోరు నీళ్ళు తాగి సూడు చెల్లె, గీ గల్లీల ఇసుంటి నీళ్ళు యాడ దొరకయి" అంది. ముప్పై ఏళ్ళ కింద ఆ బోరు వేయించినప్పుడు రెండుసార్లు పొడి బండే తగిలిందట, మూడోసారి తన చేతి గాజులు అమ్మి వేయిస్తే పడ్డ నీళ్ళట అవి. ఇల్లు చూపించినప్పుడు లేని మెరుపు ఆమె మొహంలో నీళ్ళు చూపించేటప్పుడు వచ్చింది. రెండు లీటర్ల సీసాలో నీళ్ళు పట్టుకుంటానంటే ఎందుకని కూడా అడగలేదు. ఆమెకు తెలుసు ఎందుకో.

ఆ సాయంత్రమే పప్పు ఎసరు పెట్టాను. కుక్కరు కాదు, తేడా తెలియాలని మామూలు గిన్నెలోనే. నేను బియ్యం ఏరుకుని వచ్చేసరికి పప్పు మెత్తగా ఉడికి గరిటెకు తగలకుండా కరిగిపోయింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఇంత నెయ్యి వేసుకుని, ఇవ్వాళ పప్పు ఏమన్నా కుదిరిందా అని రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ ఇల్లు ఎట్లాగైనా నాదవ్వాలన్న ఆశ నన్ను పట్టుకుంది.

వాళ్ళు చెప్పింది పంతొమ్మిది లక్షలు. మా ఆయన పీఎఫ్ మీద తీసినదీ, బ్యాంకు ఇస్తానన్నదీ, నా నగలూ, బాపు పొట్టేళ్ళు అమ్మి ఇస్తానన్నదీ అన్నీ కలిపితే రిజిస్ట్రేషన్ ఖర్చు పోను పదిహేడు. అంతకు మించి రూపాయి లేదు. ఇక ఎంత అడగాలన్న దాని మీద మా ఇంట్లో వారం రోజులు పంచాయితీ. మా ఆయన బతుకంతా టికెట్ ధర మీద బతికిన మనిషి. చిట్యాల నుంచి నల్లగొండకు ఇంత అంటే ఇంతే, తగ్గించమన్నవాడూ లేడు, పెంచినవాడూ లేడు, వస్తే చిల్లర దగ్గరే పేచీ. అందుకని ఆయన లెక్క సూటిగా ఉండేది, మన దగ్గర పదిహేడుంది, పదిహేడని చెబుదాం, ఇస్తే ఇస్తారు లేకుంటే లేదు అని. నేను గొర్ల బేరగాడి బిడ్డను, నాకు ఆ మాట వింటే నవ్వొచ్చేది. పదిహేడంటే వాళ్ళు పద్దెనిమిదికి వచ్చి ఆగుతారు, అక్కడ మనం ఏం చేస్తామని అడిగేదాన్ని. పదిహేనంటే పదిహేడుకు ఆగుతారు. పద్నాలుగంటే? అంత మాట అంటే ఆ ముసలాయన మంచం మీద ఏమనుకుంటాడని మా ఆయన. అనుకుంటే ఇల్లు మనదైపోతుందా అని నేను. కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, బస్సుకు పోయే ఆయనకు డబ్బా కడుతూ అదే మాట.

ఆఖరికి బాపును అడుగుదామని పుట్టింటికి పోయాను. మా బాపు బేరం నేర్చుకున్నది అంగడిలో. మీలో అంగడి చూసినవాళ్ళకు తెలిసే ఉంటుంది, అక్కడ గొర్రె ధర ఎవరూ నోటితో అనరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి మీద రుమాలు కప్పుకుంటారు, దాని కింద వేళ్ళు పట్టి ఎంతో చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది నిలబడ్డా లోపల ఎంత నడుస్తోందో ఇద్దరికే తెలుస్తుంది. చిన్నప్పుడు బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వేళ్ళ లెక్క ఆటలా నేర్పేవాడు, ఆడపిల్లకు ఎందుకయ్యా అని మా అమ్మ కోప్పడేది. అడిగిన ధరకు ముప్పావు కన్నా తక్కువలో మొదటి మాట పెట్టాలని, ఆ తర్వాత వంకలు చెబుతూ మెల్లగా ఎక్కాలని ఆయన పద్ధతి. ఇంటికి మాత్రం ఆ లెక్క పనికొస్తుందో లేదో తనకు తెలియదన్నాడు, గొర్రె అంగడిలో అమ్ముడుపోకపోతే సాయంత్రానికి మందలో కలుస్తుంది, ఇల్లు అమ్మేవాడు ఎక్కడికి పోతాడు బిడ్డా అన్నాడు. నేను ఆ మాట చెవిన పెట్టలేదు. పద్నాలుగు అన్న అంకె ఒక్కటి మనసులో పెట్టుకుని తిరిగొచ్చాను.

మరునాడు మా ఆయన డ్యూటీకి పోయాక నేనొక్కదాన్నే పోయాను, ఆయన ఉంటే మధ్యలో నిజం చెప్పేస్తాడని. ఆమె నన్ను వంటింట్లోనే పీట వేసి కూర్చోబెట్టింది. పక్క గదిలో మంచం మీద ఇంటాయన ఉన్నాడు, తలుపు ఓరగా వేసి ఉంది. ఉన్న వంకలు ముందు చెప్పాను. గల్లీ ఇరుకు, ఆటో కూడా తిరగదన్నాను. అవునంది. బాత్రూం బయట ఉంది, వానలో ఇబ్బందన్నాను. అవును చెల్లె, నేనూ పడ్డ అంది. స్లాబు మీద ఒక మూల పగులుందన్నాను. ఆ మూల తనే చేయి చాపి చూపించింది, నాకు కనపడని ఇంకో పగులు కూడా చూపించింది. అన్నిటికీ కలిపి ఒక లక్ష దిగింది, పద్దెనిమిది దగ్గర ఆగింది. ఇంక దిగితే తన భర్త మందులకు మిగలవు అని మెల్లగా అంది. నా వంకలు అయిపోయాయి. చేతిలో పదిహేడు, ఎదురుగా పద్దెనిమిది. అటుపక్క హైవే మీద కార్ల మోత వినపడుతోంది, వాటిలో ఏదో ఒకటి ఇటే తిరుగుతుందేమో, రేపు ఎవరో వచ్చి పంతొమ్మిదీ ఇచ్చేసి పోతారేమో అనిపించింది. బాపు బిగుసుకున్న మెడ కళ్ళ ముందు కదిలింది. అప్పుడు ఆ మాట నా నోట వచ్చింది. నీళ్ళు కూడా మంచివి కావక్కా, ఆ రోజు పట్టుకపోయిన నీళ్ళలో పప్పు ఉడకలేదన్నాను.

ఆమె చేతిలో ఉన్న గరిట అలాగే ఆగింది. నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ఏదో పరాయి భాషలో మాట విని, సరిగా విన్నానా అని అనుమానం వచ్చినట్టు చూసింది. "పప్పు ఉడకలేదా చెల్లె?" అని అడిగింది. ఉడకలేదక్కా అన్నాను. "మా నీళ్ళలనా?" అంది మళ్ళీ. అప్పుడైనా నేను వెనక్కి తీసుకోవచ్చు, మంట తక్కువైందేమో, పప్పు పాతదేమో అనవచ్చు. అనలేదు. పైగా పద్నాలుగైతే ఇప్పుడే బయానా ఇస్తానన్నాను. పక్క గదిలో నుంచి ఆయన ఏదో అన్నాడు, మాట ముద్దగా ఉంది, నాకు అర్థం కాలేదు, ఆమెకు అర్థమైంది. లోపలికి పోయి కాసేపటికి వచ్చింది. నా వైపు చూడకుండా, "పదిహేను చెయ్యి. ఇంకేం మాట్లాడకు, నీకు దండం పెడుత" అంది.

బేరం అంటే రెండు చేతులూ కాసేపు లాగాలి. అవతలి చేయి ఒక్కసారిగా వదులైపోతే లాగినవాడే వెనక్కి పడతాడు. నాకు అట్లా అయింది. పదిహేడుకైనా కొనే ఇల్లు పదిహేనుకు వచ్చింది, గల్లీ మలుపు దాటేదాకా నాకు సంతోషం రాలేదు, దాటాక వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, గంతులు వేయాలనిపించింది. అప్పటికప్పుడే ఆటో ఎక్కి బాపు దగ్గరికి పోయి చెప్పాను. బాపు మొహం విప్పారింది. ఎట్ల దింపినవ్ బిడ్డా అని మురిపెంగా అడిగాడు. ఆయనకొక్కడికే నిజం చెప్పాను, నా తెలివి చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కూర్చున్న చోటే మనిషి మనిషంతా అటు తిరిగిపోయాడు. అటే చూస్తూ, "గొర్రెకు లేని కుంటు ఉందనద్దు బిడ్డా" అన్నాడు. అంగడిలో ధర రుమాలు కిందే నడుస్తుంది కానీ వంక మాత్రం పైకే చెబుతారు, పదిమంది వింటారు. లేని రోగం అంటగడితే ఆ మాట అంగడంతా తిరుగుతుంది, ఇక ఆ రోజు ఆ గొర్రెను ఎవడూ ముట్టడు, అమ్మేవాడు ఎంతకైనా తెగనమ్ముకోక తప్పదు. అందుకని ఎంత దిగజారిన బేరగాడైనా ఆ పని చేయడట. నన్ను వేళ్ళ లెక్క నేర్పి పెంచిన మా బాపు, ఈ ఒక్కటి నేర్పడం మరిచిపోయానని తనను తాను తిట్టుకున్నాడు. నేను చిన్నబుచ్చుకుని, నీ మెడ కోసమే కదా బాపూ అన్నాను.

నెల తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయింది. ఇంటాయనను ఆటోలో తీసుకొచ్చి ఎడమచేతి వేలిముద్ర వేయించారు. మేము పాలు పొంగించుకోవడానికి వెళ్ళేసరికి వాళ్ళు తెల్లవారుజామునే సామాను లారీలో వేసుకుని వెళ్ళిపోయారు, తాళంచెవి పక్కింట్లో ఇచ్చారు. తలుపు తీస్తే ఇల్లంతా కడిగి, గడపకు పసుపు కూడా రాసి ఉంది. వంటింటి గట్టు మీద మూత పెట్టిన స్టీలు గిన్నె ఒకటి. మూత తీస్తే ఇంకా వెచ్చగా ఉంది. కందిపప్పు. తాలింపు లేదు, కారం లేదు, ఉప్పూ పసుపూ మాత్రమే. గరిట పెట్టాల్సిన పని లేకుండా వెన్నలా ఉడికిన పప్పు.

మా ఆయన ఎంత సంబరపడ్డాడో. చూశావా, మొదటి రోజు వంట శ్రమ ఉండకూడదని ఎంత పెద్ద మనసుతో పెట్టి పోయింది, ఇట్లాంటివాళ్ళ చేతి మీదుగా ఇల్లు రావడం మన అదృష్టమని పదిసార్లు అన్నాడు. ఆయనా బిడ్డా దాన్ని అన్నంలో కలుపుకుని తిన్నారు. నీళ్ళు ఎంత బాగున్నాయో చూడమ్మా, పప్పు ఎట్లా ఉడికిందో అంది నా బిడ్డ. నేను ఉపవాసమన్నాను.

ఆ గిన్నె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అడుగున ఆ ఇంటాయన పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది, ఆమె పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన గిన్నె కావచ్చు. ఒకరి ఇంటి గిన్నె మన ఇంటికి వస్తే ఉత్తది తిరిగి పంపకూడదని మా అమ్మ నేర్పింది, ఏమీ లేకుంటే ఇంత చక్కెరైనా, నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి. అందరి గిన్నెలూ అట్లాగే పంపాను. దీనిలో ఏం వేసి పంపాలో మాత్రం నాకు తోచలేదు. వేయాల్సింది పదిహేడులో మాకు మిగిలిన రెండు లక్షలని తెలుసు. అవి అప్పటికే మేడ మీద గది అయిపోయాయి. ఆ గదిని కిరాయికిచ్చాం, ఆ కిరాయి ఏటా పెరుగుతూనే ఉంది.

ఏడాది తిరిగాక ఒక రోజు ఉండబట్టలేక, గిన్నె నిండా మా పుట్టింటి చెలకలో పండిన కందిపప్పు పోసుకుని, పైన మూత పెట్టి గుడ్డ కట్టుకుని భువనగిరి బస్సెక్కాను. కండక్టరు భార్యనని నా పాసు నాకుంది, ఆ బస్సులో మా ఆయన లేకుండా చూసుకున్నాను. ఖిల్లా కింది గల్లీలో వాళ్ళ తమ్ముడి ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. ఆమె లేదు, భర్తను తీసుకుని దవాఖానకు పోయిందట. తమ్ముడి భార్య నన్ను ఎవరని అడిగి, చిట్యాల అనగానే చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయి చాయ్ పెట్టింది. "మా వదినె ఎప్పుడు మీ ముచ్చటే చెప్తది. ధర తక్కువైతే అయింది గని, నీళ్ళ ఇలువ తెలిసినోళ్ళకు ఇచ్చిన అంటది" అని చెప్పింది. ఆ మాట ఆమె ఎట్లా అన్నదో నేను ఇప్పటికీ తేల్చుకోలేను. మనసారా అన్నదా, ఎత్తి పొడిచిందా, లేక తన ఇంటివాళ్ళ ముందు నా పరువు కాపాడిందా. చాయ్ తాగాను. గిన్నె ఒళ్ళోనే ఉంది. ఇచ్చి రావాలంటే ఎందుకో చెప్పాలి, చెప్పే ధైర్యం కోసం ఆమె వచ్చేదాకా ఆగాలి. బస్సుకు టైమైందని లేచి వచ్చేశాను. ఆ పప్పు మళ్ళీ మా డబ్బాలోకే పోసుకున్నాను.

తర్వాత ఆ ఇంటాయన పోయాడని తెలిసింది. మందులకు మిగలవు అన్న మాట ఆ రోజు చాలాసార్లు చెవిలో తిరిగింది. రెండు లక్షలుంటే బతికేవాడని నేననను, అనుకోవడానికి భయం. దినాలకు పోదామని మా ఆయన అంటే జ్వరమని పడుకున్నాను. ఆ మీదట ఆమె హైదరాబాదులో ఎవరో చుట్టాల దగ్గర ఉంటోందన్నారు, ఆ తర్వాత తమ్ముడివాళ్ళూ ఇల్లు మారారు, ఉన్న ఒక్క ఫోన్ నంబరూ పలకడం మానేసింది. మా బాపు కూడా పోయాడు. ఆఖరి రెండేళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు, ఆ బోరు నీళ్ళు తాగాడు, కానీ బిగుసుకున్న మెడ ఇక తిరుగుతుందా. ఒక్కరోజు కూడా ఆయన ఆ ముచ్చట ఎత్తలేదు. కాకపోతే ఎప్పుడు పప్పన్నం పెట్టినా తినే ముందు కాసేపు కంచం వంక చూసేవాడు.

సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాను. ఇదంతా చెప్పాలనుకున్నాను, హితవు చెప్పే సగమే చెప్పగలిగాను. ఉన్న వంక ఉందని చెప్పు, లేని చెమ్మ ఉందనకు, నీ చేతిలో ఎంతుందో చెప్పి అడుగు అన్నాను. "గట్ల చెప్తే ఎవరిస్తరమ్మా ఇల్లు? నువ్వు గట్లనే కొన్నవా?" అని మళ్ళీ నవ్వింది. ఇప్పుడు తన పళ్ళు డాక్టరు దగ్గర బాగు చేయించుకుంది, చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతుంది. అయినా ఇప్పుడు బేరాలు మా కాలంలోలా లేవట. అమ్మేవాళ్ళను తను చూడనే లేదట, మధ్యవాడి ఫోన్‌కు అంకె పంపితే అవతలి నుంచి ఇంకో అంకె వస్తుందట. వంట చేస్తూ గరిట ఆపి మొహంలోకి చూసేవాళ్ళు మధ్యలో ఎవరూ లేరు. నీళ్ళ సంగతి అడిగావా అంటే, నల్లా నీళ్ళొస్తయి, ఫిల్టరు మిషన్ పెట్టుకుంటం, నీళ్ళతోని ఏం పని అంది. అదీ నిజమే. మా గల్లీలోనూ ఇంటింటికీ నల్లాలు వచ్చాయి, బోరు చూపించి ఇల్లు అమ్ముకునేవాళ్ళు ఇప్పుడు లేరు. ఎవరి ఇంటి గిన్నె ఎవరి ఇంటికీ రావడం లేదు కూడా, అన్నీ పారేసే డబ్బాల్లో వస్తున్నాయి, తిరిగి పంపే బాధ లేదు. ఇదంతా సుఖమే కావచ్చు. నాకు మాత్రం ఎందుకో అలసటగా ఉంటుంది.

మా ఆయన వచ్చి, ఎంత అడగమని చెప్పావు బిడ్డకు, నాలుగు లక్షలు దించిన దానివి కదా అన్నాడు హుషారుగా. ఇవ్వాళ నువ్వే ఏదైనా వండుకో, నాకు ఓపిక లేదన్నాను. పాపం ఆయనకు వచ్చింది పప్పు ఒక్కటే. గిన్నెలన్నిటి పైన ఉందని ఆ పేరు చెక్కిన గిన్నే తీసి, నల్లా నీళ్ళు ఇంకా రాలేదని పెరట్లోకి పోయి బోరు నీళ్ళు పట్టి, పొయ్యి మీద పెట్టాడు. నేను కుర్చీలో నుంచి చూస్తూ ఉన్నాను. కాసేపటికే మెత్తగా ఉడికిపోయింది. ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది, ఒక్క పూట కూడా ఈ నీళ్ళలో పప్పు ఉడకకుండా ఉండలేదు.